ఐదో వరుస, పదిహేడో నిలువు

దిగిన తర్వాత యాభై మూడో ఏడు, 112వ రోజు

పట్టాభి పోయి ఆరేళ్లయింది. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదని అంటారు. అతను బతికున్నప్పుడు ఎదుట నోరెత్తలేనివాళ్లే ఆ మాట అంటారు. నేను అప్పుడూ మాట్లాడాను, ఇప్పుడూ మాట్లాడతాను. ఈ పుస్తకం అందుకే మొదలుపెట్టాను.

మూలకాల కొలువును పాత హాలు నుంచి కొత్త హాలుకు మారుస్తున్నారు. గోడ నిండా సొరుగులు: ఏడు అడ్డవరుసలు, పద్దెనిమిది నిలువులు. ఒక్కో సొరుగులో ఒక్కో మూలకం. చీటీలన్నీ పాత లోకం నుంచి ఓడలో వచ్చి దిగిన మొదటివాళ్ల చేతిరాతలో ఉన్నాయి. ఇక్కడ పుట్టినవాళ్లకు అంకెలు వచ్చు, అచ్చు అక్షరాలు వచ్చు, మా గొలుసురాత రాదు. మొదటివాళ్లలో కళ్లూ కాళ్లూ పనిచేసేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఎనభై ఒకటి నాకు.

పిలవడానికి వచ్చింది కొలువు అధికారి వకుళ. పట్టాభి మనవరాలు. ఏడో నెల కడుపుతో నా గుమ్మం బయటే నిలబడి, చీటీలు చదివిపెట్టాలి తాతగారూ, మీరు తప్ప ఎవరూ లేరు అంది. ఆ మాట అనడానికి ఈ ఊరికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. ఒప్పుకున్నాను. చీటీల మీద ప్రేమతో కాదు. ఆ గోడలో వాళ్ల తాత చేసిన తప్పులన్నీ రాసుకుని, కొత్త హాలు తెరిచే రోజున సభలో నిలబడి చదువుదామని.

నేను ఉండేది విరమణ వాడలో. మా ఊళ్లో ఒక మర్యాద ఉంది. పని విరమించే మనిషికి ఒక పెద్ద పీపా ఉప్పు ఇస్తారు. ఇకనుంచి నీ వంట నీది, ఉమ్మడి వంటశాల గంటకు నువ్వు పరుగెత్తనక్కర్లేదని దాని అర్థం. పనిచేసిన చోటు నుంచి ఇష్టమైన వస్తువు ఒకటి తీసుకుపోనిస్తారు. ఎందుకని ఎవరూ అడగరు. చాలామంది ముక్కాలిపీటో గరిటో తెచ్చుకుంటారు. నేను ఒక పచ్చ చీటీ తెచ్చుకున్నాను. నా భార్య హైమావతి రాసిన చీటీ. ఆమె పోయిన నెలకే నేను విరమించాను. పదకొండేళ్లుగా ఆ చీటీ నేను చదువుకునే పుస్తకంలో పేజీ గుర్తుగా ఉంటోంది.

ఈ రోజు హాల్లో అడుగు పెట్టగానే వెల్లుల్లి వాసన వచ్చింది.

ఈ నేల మీద వెల్లుల్లి లేదు. ఓడలో తెచ్చిన పాయలకు పంతొమ్మిదో ఏట కుళ్లు పట్టింది. ఆఖరి పాయను హైమ కారంలో దంచింది. ఆ తర్వాత వారం రోజులు ఆమె వేళ్లకు ఆ వాసన ఉంది. చేతులు కడుక్కోవద్దని బతిమాలాను. హాల్లో కిటికీ పక్కన ఆమె పని చేసిన కుర్చీ ఇంకా అక్కడే ఉంది. వాసన కూడా అటువైపు నుంచే వచ్చింది.

113వ రోజు

మొదటి నిలువు అయింది. లిథియం, సోడియం, రుబీడియం, సీసియం, కిందికి వరసగా. ఏదీ నీళ్ల ముఖం చూడకూడని జాతి, అందుకే నూనెలో ముంచి ఉంచాం. నిలువంటే ఒక ఇల్లు. ఇంట్లో పెద్దవాడికీ చిన్నవాడికీ బరువులో ఎంత తేడా ఉన్నా కోపం ఒకటే, తిండి ఒకటే. ఈ సంగతి వకుళకు ఎవరూ చెప్పలేదట. సొరుగులు బరువు పెరిగే వరసలో ఉంటాయని మాత్రం బళ్లో నేర్పారట. ఎవరు నేర్పించి ఉంటారో నాకు తెలుసు.

దిగేటప్పుడు ఓడ జ్ఞాపకం కాలిపోయింది. మనుషులు పోగేసిన చదువంతా అందులోనే ఉండేది. మిగిలినవి నలభై ఒక్క పుస్తకాలు, అన్నీ కథలూ పద్యాలూ. వాటిని నేను ఎన్నిసార్లు చదివానో, ఈ ఊరు ఎన్నిసార్లు చదవలేదో చెప్పనవసరం లేదు. మూలకాల పట్టికను ఆరుగురం కూర్చుని తలల్లోంచి తవ్వి తీశాం. మూడేళ్లు పట్టింది. గుర్తురానిచోట ఖాళీ సొరుగు వదిలాం. ఖాళీలు వదలాలని పట్టుబట్టింది హైమ. తెలియనిదానికి కూడా చోటు ఉంచాలి, లేకపోతే తెలిసినవన్నీ పక్కకు జరిగిపోతాయి అనేది. పట్టాభి ఆ ఖాళీ సొరుగుల్లో మేకులు పోసుకునేవాడు. ఈ రోజు ఒక సొరుగులో పదకొండు మేకులు దొరికాయి. రాసుకున్నాను.

116వ రోజు

వాసన నిలకడగా ఉండటం లేదు. పొద్దున్నే నేనొక్కణ్ణే ఉన్నప్పుడు పలుచగా ఉంటుంది. వకుళ వచ్చాక చిక్కబడుతుంది. భోజనాల తర్వాత మరీ. విరమణ వాడలో మాత్రం ఎప్పుడూ రాదు. నిన్న సాయంత్రం కావాలని నలుగురి ఇళ్లలో కూర్చుని వచ్చాను. లేదు. అంటే హైమ నా ఇంటికి రావడం లేదు. పనికి వస్తోంది. బతికున్నప్పుడూ అంతే.

వకుళను అడిగాను, హాల్లో ఏమైనా వాసన వస్తోందా అని. చుట్టూ చూసి, కొంచెం సిగ్గుపడింది.

"ఊరికి గాలి తోలే గాలిమర వాసన తాతగారూ. ఏడాది బట్టీ ఊరంతా అంతే. వడపోత గుడ్డలు మార్చాం, అయినా పోవట్లేదు. మాకు అలవాటైపోయింది."

వెల్లుల్లి అంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. ఆ తరంలో ఎవరికీ తెలియదు. పేరు లేని వాసనను మనిషి ఎంతసేపని గమనిస్తాడు?

ఆమె వెళ్లాక కుర్చీ వైపు తిరిగి, నీ పేరు గాలిమర అయింది అని చెప్పాను. ఎనభై దాటినవాడు ఒక్కడే ఉన్నప్పుడు మాట్లాడితే తప్పు లేదు.

119వ రోజు

డాక్టర్ సలీమా వచ్చింది. ముప్పై ఏళ్లు లేవు. వకుళ మెడను రెండు వేళ్లతో తడుముతూ చాలాసేపు నిలబడింది. గొంతు కింద చిన్న నిమ్మకాయంత ఉబ్బు. ఊళ్లో కడుపుతో ఉన్న తొమ్మిదిమందిలో ఏడుగురికి ఇలాగే ఉందట. ఈ నాలుగు నెలల్లో పుట్టిన పిల్లల్లో ఇద్దరు ఏడవడం లేదు. పాలు పట్టినా నిద్రే. చేతులు వదిలేస్తే గుడ్డల్లా జారిపోతున్నాయట.

మొదటివాళ్ల రోజుల్లో ఇలాంటిది చూశారా అని నన్ను అడిగింది. పాత లోకంలో సముద్రానికి దూరంగా, కొండల మీద ఉండేవాళ్లకు వచ్చేదని చెప్పాను. ఒంటికి అయోడిన్ చాలకపోతే మెడ ఉబ్బుతుంది. కడుపులో బిడ్డకు అది అందకపోతే మెదడు ఎదగదు. ఇక్కడ సముద్రమే లేదు, మట్టిలో ఆ మూలకం లేదు. అందుకే మూడో ఏటి నుంచి వంట ఉప్పులో కలుపుతున్నాం.

వకుళ లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. పది రోజులకోసారి ఉప్పు కలపడం, పక్కన మోతాదు. ఏడాదిగా ఒక్కటీ తప్పలేదు. అంతకుముందు నలభై ఎనిమిదేళ్లు ఎల్లమంద చేత్తో కలిపేవాడు. అతను పోయాక యంత్రపు చెయ్యి పెట్టారు. అది చేసే పనిలో వెంట్రుకవాసి తేడా రాదని వకుళ గర్వంగా చెప్పింది. సలీమా లెక్కల పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి తిరగేసింది. ఇంకేదో కారణం ఉండాలి అంది చివరికి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

వకుళ ఆ ఉబ్బు మీద చెయ్యి వేసుకుని, ఆ చేతిని కడుపు మీదికి దించింది. నేను చీటీల వైపు తిరిగాను.

121వ రోజు

ఈ రోజు తొమ్మిదో నిలువు. కోబాల్ట్ ఉండాల్సిన చోట నికెల్ ఉంది. పట్టాభి తప్పుల్లో ఒకటి చేతికి దొరికింది. ఇలాంటివి గోడ మొత్తంలో మూడే ఉన్నాయి. మూడూ ఇరవై రెండో ఏట ఒకే మధ్యాహ్నం జరిగాయి.

ఆ మధ్యాహ్నం గురించి రాయాలి. మొదటి ఏటి కరువులో ఈ ఊరు బతికింది త్రాసు వల్ల. గింజ గింజ తూచి పంచుకున్నాం, ఎవరూ ఎవర్నీ చంపుకోలేదు. అప్పటినుంచి సభలో త్రాసు లేకుండా ఏ మాటా నడవదు. నీళ్లు, నేల, పని, అన్నీ తూకమే. మంచిదే. కానీ పట్టాభి మూలకాలను కూడా సభకు లాగాడు. బరువు పెరిగే వరసలో పేర్చిన గోడలో మూడు చోట్ల మాత్రం బరువైనది ముందు, తేలికైనది వెనక ఎందుకున్నాయి? ఎవరి ముఖం చూసి మినహాయింపు? అని అడిగాడు.

హైమ లేచి సమాధానం చెప్పింది. టెల్లూరియం బరువెక్కువ, నిజమే. కానీ దాని గుణం గంధకం గుణం, సెలీనియం గుణం. అయోడిన్ తేలిక. దాని గుణం క్లోరిన్, బ్రోమిన్‌లది. ఎవరి ఇంట్లో వాళ్లు ఉండాలి. బరువు కింద ఇంకో లెక్క ఉంది, అసలు వరస దానిదే, మన దగ్గర దాన్ని చూపే పరికరం లేదు.

"చదివావా, చూశావా?" అన్నాడు పట్టాభి.

చదివాను అంది. సభ నవ్వింది. అతనికీ తెలుసు. అతనూ ఓడ ఎక్కకముందు అదే బడిలో అదే పట్టిక నేర్చుకున్నాడు. తెలిసి కూడా త్రాసు పక్కన నిలబడ్డాడు, త్రాసు పక్కన నిలబడ్డవాడికే ఓట్లు పడతాయి కనుక. నూట పన్నెండు చేతులు లేచాయి. మాకు తొమ్మిది. సాయంత్రానికి మూడు జతల సొరుగులు తారుమారు చేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అదే హాల్లో అతని కింద పనిచేశాను. పలకరిస్తే తల ఊపేవాణ్ణి, అంతే.

ఇది రాస్తున్నంతసేపూ వాసన ఉంది. నా భుజం మీదుగా చదువుతున్నట్టే ఉంది.

124వ రోజు

వకుళ రాలేదు, ఒంట్లో బాగాలేదట. హాలు ఖాళీ. వాసన లేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని లేచి వచ్చేశాను. ఇలా ఉంటుందని ఎవరూ చెప్పరు: మొదటిసారి పోయినప్పటికంటే రెండోసారి బాధ ఎక్కువ.

127వ రోజు

ఈ రోజు ఉప్పు కలిపే రోజు. యంత్రపు చెయ్యి పని చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. చూశాను.

పక్కన ఉప్పు పాఠం తెరిచి ఉంది. మూడో ఏట హైమ రాసి అచ్చు వేయించిన పాఠం. "ఐదో వరుస, పదిహేడో నిలువు నుంచి ఒక చిటికె కొలత." అప్పుడు ఆ చోట ఉండేది అయోడిన్. ఆమె మూలకాన్ని ఎప్పుడూ చోటుతోనే చెప్పేది. చోటు చెబితే గుణం చెప్పినట్టే అనేది.

చెయ్యి పట్టాల మీద జారుతూ వచ్చింది. ఐదో వరుస. పదిహేడో నిలువు. సొరుగు లాగింది, సీసాలోంచి తెల్లని పొడి తీసింది, వెళ్లిపోయింది. నేను వెళ్లి సొరుగు చీటీ చదివాను. టెల్లూరియం లవణం. ఇరవై రెండో ఏటి నుంచి అక్కడ ఉన్నది అదే, బరువు ప్రకారం. చేతికి చీటీలు చదవడం రాదు, చోట్లు లెక్కపెట్టడమే వచ్చు. వకుళకు అంకెలు వచ్చు, గొలుసురాత రాదు. పదహారో నిలువు సొరుగు తెరిచాను. అయోడిన్ లవణం సీసా మెడకు ఎల్లమంద గుర్తుగా కట్టిన ఎర్ర దారం అలాగే ఉంది. సీసా నిండుగా ఉంది. మూత మీద ఏడాది దుమ్ము.

రెండు పొడులూ తెల్లగానే ఉంటాయి.

ఓడ ఎక్కకముందు, పెళ్లికి ముందు, ప్రయోగశాలలో హైమ చెప్పిన మాట గుర్తొచ్చింది. టెల్లూరియం జోలికి వెళ్లకు, రవ్వంత ఒంట్లోకి పోయినా నెల రోజులు ఊపిరి వెల్లుల్లి కొడుతుంది, పిల్లనిచ్చేవాడు పారిపోతాడు అని నవ్వింది. సీసాలో ఉన్నప్పుడు దానికి ఏ వాసనా ఉండదు. మనిషి లోపలికి వెళ్లి, మనిషి ఊపిరిలో బయటికి రావాలి.

హాల్లోకి వస్తున్నది హైమ కాదు. ఉమ్మడి వంటశాలలో భోజనం చేసినవాళ్లందరి ఊపిరి. విరమణ వాడలో వాసన లేదు, మేం మా పీపా ఉప్పు తింటాం కనుక.

119వ రోజునే తట్టి ఉండాలి నాకు. పచ్చ చీటీ మీద రాసి ఉన్నది ఇదే. లెక్కల పుస్తకంలో అయోడిన్ అని ఉంటే నమ్మాను. నమ్మాలనుకున్నాను.

రేపు చెబుతాను.

128వ రోజు

చెప్పలేదు. వకుళ నా పక్కన వంగి ఒక చీటీ అడిగింది. కళ్లు మూసుకున్నాను. ఆఖరి పాయ దంచిన రోజు, రోటి పక్కన హైమ, ఆ మెడ, ఆ చెమట. చీటీ ఏమిటో తప్పు చదివాను.

129వ రోజు

ఉప్పు ఆపితే నెల లోపల వాసన పోతుంది. ఒక నెల. యాభై మూడేళ్లలో నేను ఈ ఊరిని ఏమీ అడగలేదు.

130వ రోజు

ఈ నేరం పట్టాభిది. ఓటు వేసిన నూట పన్నెండు చేతులది. సభలో చదవబోయే కాగితం ఇంకా పూర్తి కాలేదు, పూర్తి చేసి అందరి ముందూ ఒకేసారి చెబితే దెబ్బ గట్టిగా తగులుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ అబద్ధాన్ని రాసి చూసుకుంటే ఎలా ఉంటుందో తెలియాలని రాస్తున్నాను. బాగాలేదు.

131వ రోజు

వకుళ ఆలస్యంగా వచ్చింది. నడిచి వచ్చిన ఆయాసంతో, ఎప్పుడూ లేనిది, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. హైమ కుర్చీలో. గొంతు బొంగురుపోయి ఉంది.

"నిన్న మధ్యాహ్నం నుంచి కదల్లేదు తాతగారూ. ఇందాక ఒక్కసారి తన్నింది. అదీ నెమ్మదిగా."

లేచి నీళ్లిచ్చాను. తాగి, కుర్చీ చేతుల మీద అరచేతులు రుద్దుకుంది.

"ఇందులో కూర్చుంటే మా తాతయ్య ఊరుకునేవాడు కాదు. హైమావతమ్మగారి కుర్చీ, లే అనేవాడు. ఆవిడ పోయాక కూడా. పోయేముందు జ్వరంలో ఒకటే గోల, పచ్చ చీటీ ఏదీ, సొరుగు మీద పచ్చ చీటీ ఉండాలే, ఎవరు తీశారు అని. మతి లేని మాటలనుకున్నాం. ఈ గోడ మీద పచ్చ చీటీ ఎక్కడుంది?"

నేను నిలబడే ఉన్నాను.

అంటే చూశాడు. ఓటు గెలిచిన వారానికే హైమ ఆ చీటీ రాసి సొరుగుకు అంటించింది. ఇరవై ఏళ్లు అతను రోజూ దాన్ని చూశాడు, పీకెయ్యలేదు. సభలో తప్పు ఒప్పుకునే దమ్ము లేని మనిషి, ఆ చీటీ ఉన్నంతకాలం ఎవరికీ ముప్పు లేదని ఆ ఒక్క కాగితం మీద ఊరిని వదిలాడు. ఎల్లమందకు ఎర్ర దారం కట్టమని చెప్పింది కూడా అతనేనేమో. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. నేను విరమించిన రోజున ఆ చీటీ ఊడదీసుకున్నాను. హైమ చేతిరాత కోసమని అందరికీ చెప్పాను, నాకు కూడా. తీస్తున్నప్పుడు అనుకున్నది వేరు. ఇక నీ తప్పు నువ్వే మొయ్యి పట్టాభీ, నా భార్య ఇక నీకు కాపలా కాయదు. అనుకున్నది ఇది. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

పుస్తకం తెరిచి చీటీ తీసి వకుళ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు ఆ రాత రాదు.

"చదవండి" అంది.

చదివాను. "అయోడిన్, టెల్లూరియం. ఈ రెండిటినీ బరువు చూసి తారుమారు చేశారు. వంట ఉప్పుకు తీసేటప్పుడు చోటు చూడవద్దు, పేరు చూడండి. తప్పితే పుట్టబోయే పిల్లలకు ముప్పు. ఈ చీటీ తియ్యవద్దు. హైమావతి."

తియ్యవద్దు అని రాసి ఉన్నట్టు పదకొండేళ్లుగా తెలుసు.

వకుళ అడిగింది ఒక్కటే. "ఇప్పుడు ఆ పదిహేడో దాంట్లో ఉన్నది ఏది?"

చెప్పాను. లేచింది. ఆ కడుపుతో అంత వేగంగా నడుస్తుందనుకోలేదు. యంత్రపు చెయ్యి తీగ పీకింది, వంటశాలకు మనిషిని పరుగెత్తించింది, సలీమాను పిలిపించింది. మధ్యాహ్నం వంట పారబోశారు. సలీమా ఎర్ర దారం సీసాలోంచి తొమ్మిదిమందికీ ఏడవని పిల్లలిద్దరికీ మోతాదులు కట్టింది. నిండు సీసా. ఏడాదిగా మూడడుగుల దూరంలో ఉంది.

రెండు సొరుగులనూ వకుళే స్వయంగా మార్చింది. సభను అడగలేదు.

140వ రోజు

వాసన పలచబడుతోంది. ముందు పెద్దవాళ్లలో పోయింది. ఏడవని పిల్లల్లో ఒకడు నిన్న గుక్కపట్టి ఏడ్చాడట, వీధి వీధంతా వచ్చి విన్నారట. రెండోవాడు ఇంకా లేదు.

152వ రోజు

వకుళ దగ్గర మాత్రం కొంచెం మిగిలింది. ఇద్దరి కోసం తిన్న మనిషి. ఆమె మాట్లాడుతున్నప్పుడు నేను దూరంగా జరిగి కూర్చుంటున్నాను. ఎందుకండీ అని అడిగింది. దగ్గు అన్నాను.

159వ రోజు

లేదు. రెండుసార్లు దగ్గరికి వెళ్లాను. లేదు.

171వ రోజు

ఆడపిల్ల. పుట్టగానే ఏడ్చింది, సన్నగా, కానీ ఏడ్చింది. వకుళ నన్ను పిలిపించి బిడ్డను నా ఒళ్లో పెట్టించింది. మంచం పక్కన సలీమా రాసిన పట్టీ వేలాడుతోంది. తల్లి మెడ కొలత, బిడ్డ తూకం, తప్పు ఉప్పు తిన్న రోజులు. కింద "తప్పు బయటపడిన రోజు: 131."

బిడ్డను ఒక చేత్తో పట్టుకుని సలీమా కలం అడిగాను. 131 కొట్టేసి 127 అని రాశాను.

అంకెలు వకుళకు వచ్చు.

"నాలుగు రోజులు" అంది.

"అవును."

"ఎందుకు?"

వాసన కోసం అన్నాను. ఏ వాసన అని అడిగింది. వెల్లుల్లి ఎలా ఉంటుందో చెప్పబోయాను. పాయ, పొట్టు, రోలు, నూనెలో వేగేటప్పుడు. ఆమె ముఖం చూస్తే, లేని దేశం గురించి వింటున్నట్టు ఉంది. నలభై ఒక్క పుస్తకాలు చదివినవాణ్ణి, ఒక్క వాసనను చెప్పలేకపోయాను. చివరికి హైమ వాసన అన్నాను.

వకుళ చేతులు చాచింది. బిడ్డను ఇచ్చేశాను. లాక్కోలేదు. కానీ మళ్లీ ఇవ్వలేదు.

188వ రోజు

కొత్త హాలు తెరిచారు. నన్ను మాట్లాడమన్నారు. పట్టాభి తప్పుల కాగితం, మేకుల లెక్కతో సహా, పదహారు పేజీలు, జేబులోనే ఉంది. తియ్యలేదు. పచ్చ చీటీ చదివాను. దాన్ని ఎవరు ఎప్పుడు ఎందుకు తీశారో చెప్పాను. త్రాసు పక్కనే నిలబడి చెప్పాను, అందరూ వినాలని. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

సభ అయ్యాక అందరూ వెళ్లిపోయారు. టెల్లూరియం సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు, తెల్లని పొడి. ఒక చిటికె నాలుక మీద వేసుకుంటే చాలు, కానీ మన ఊపిరి మనకు తెలియదు, పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. నా పక్కన ఎవరూ లేరు. మూత బిగించి పదహారో నిలువులో, గంధకం ఇంట్లో, దాని చోట పెట్టాను. పదిహేడో దాని మీద పచ్చ చీటీ ఉంది. మార్చేసిన సొరుగులకు ఇక అది అవసరం లేదు. అయినా ఉంచమని వకుళ చెప్పిందట.

వెనక్కి తిరిగితే ఆమె గుమ్మంలో ఉంది, భుజం మీద బిడ్డతో. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కిటికీ పక్క కుర్చీని కొత్త హాలుకు కూడా తెప్పించింది. వచ్చి అందులో కూర్చుని బిడ్డను సర్దుకుంది. నేను వెళ్లబోయాను.

"ఏడాది నిండితేగానీ తెలీదట. మాట వస్తుందో రాదో, పిలిస్తే పలుకుతుందో లేదో. సలీమా చెప్పింది."

సరే అన్నాను.

"మీరు ఉండాలి తాతగారూ. చూడకుండా పోడానికి వీల్లేదు."

ఇంటికి వచ్చి పీపా దొర్లించుకుంటూ వంటశాలకు తీసుకెళ్లి ఇచ్చేశాను. ఇంకా మూడో వంతు ఉప్పు ఉంది. రేపటి నుంచి అందరితో పాటే తింటానని చెప్పాను. వంటమనిషి ఎందుకని అడగలేదు, అది మర్యాద. గంట ఎన్నింటికి కొడతారో చెప్పింది.

పుస్తకం తెరిచాను. పేజీ గుర్తుగా ఆ చీటీ ఇప్పుడు లేదు కదా, ఎక్కడ ఆపానో తెలియలేదు. మొదటి పేజీ నుంచి చదువుతున్నాను. ఏడాది ఉంది.